బొగ్గు పెరిగింది, కొలువులు తగ్గాయి: గోదావరిఖని చిన్న దందాల కథ

ఈసారి రెండు లెక్కలతో మొదలుపెడదాం.

1990-91లో సింగరేణి తవ్విన బొగ్గు 2 కోట్ల టన్నుల లోపే. అప్పుడు కంపెనీలో పనిచేసేవాళ్లు లక్షకు పైనే. 2023-24కు వచ్చేసరికి బొగ్గు 7 కోట్ల టన్నులైంది. పర్మినెంట్ ఉద్యోగులేమో 42 వేల లోపే. అంటే బొగ్గు మూడున్నర రెట్లు దాటింది, మనుషులు సగం కూడా మిగల్లేదు.

తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గు నింపిన ఫిల్లర్ల స్థానంలో అండర్‌గ్రౌండ్‌లో లోడింగ్ యంత్రాలు వచ్చాయి. ఓపెన్‌కాస్ట్ గనుల్లో షావెల్, డంపర్ వచ్చాయి. మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టుకు పోయింది. ఒకప్పుడు తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుకు బాయిలోకి దిగేవాడు. ఆ డిపెండెంట్ ఉద్యోగాలు 1990ల చివర్లో ఆగిపోయాయి. వారసత్వ ఉద్యోగాల పేరుతో 2016లో మళ్లీ తెస్తామన్నారు, 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది. ఇప్పుడు మిగిలింది మెడికల్‌గా అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు ఇచ్చే కారుణ్య నియామకాలు.

మరి మిగతా పిల్లలేం చేయాలి? ముప్పై ఏళ్లుగా ఏ ప్రభుత్వాన్ని అడిగినా ఒకటే జవాబు. "సొంతంగా ఏదైనా పెట్టుకో, లోన్ ఇప్పిస్తాం." వినడానికి బాగానే ఉంటుంది. కానీ రామగుండం, గోదావరిఖని చరిత్ర చూస్తే ఆ జవాబులో సగమే ఉంది. రెండో సగం గురించే ఇవాళ్టి ముచ్చట.

బొగ్గు కథ తెలిసిందే కాబట్టి తొందరగా దాటేద్దాం. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు గుర్తించాడు. 1886లో ఇంగ్లండ్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న ఊరి పేరే 1920లో కంపెనీ పేరైంది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటా కొనేసింది. ఇప్పుడు 51 శాతం తెలంగాణ రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఈ 51ని గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

గోదావరి ఒడ్డుకు గనులు వచ్చింది చాలా తర్వాత, 1960ల మొదట్లో. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు మార్గం మాత్రం 1929 నాటికే పూర్తయింది. రైలుంది, నది ఉంది, బొగ్గుంది. ఇంకేం కావాలి? పెద్ద పరిశ్రమలు ఒకదాని వెంట ఒకటి దిగాయి. 1969లో బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంట్. 1971లో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం. బొగ్గుతో యూరియా తయారుచేసే ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ 1980 నవంబర్‌లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో కరెంటిచ్చింది.

పెద్ద పరిశ్రమ వెనక చిన్న దందా దానంతటదే వస్తుంది, ఎవరూ పథకం పెట్టక్కర్లేదు. ఫస్ట్ షిఫ్టుకు పోయేవాడికి పొద్దున్నే చాయ్ కావాలి. సైకిల్ పంక్చరైతే అతికేవాడు కావాలి. పండక్కి బట్టలు, బిడ్డ పెళ్లికి బంగారం, ఇంటికి సామాన్లు. అట్లా లక్ష్మీనగర్ నిండింది, చౌరస్తా నిండింది, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ దాకా షాపులు పాకాయి. 2011 జనాభా లెక్కల్లో రామగుండం పట్టణ జనాభా 2 లక్షల 29 వేలు. అందులో గని లోపల పనిచేసేవాళ్లు కొందరే. మిగతా ఊరంతా ఆ జీతాల చుట్టూ బతుకుతోంది.

ఎంత పైసలు తిరుగుతాయో ఒక్క ఉదాహరణ చాలు. 2023-24 లాభాల్లో కార్మికుల వాటాగా సింగరేణి ప్రకటించిన మొత్తం 796 కోట్లు. ఒక్కో పర్మినెంట్ ఉద్యోగికి సగటున 1 లక్షా 90 వేలు. దసరా ముందు ఆ డబ్బు ఖాతాలో పడితే బైక్ షోరూమ్, బంగారం దుకాణం, బట్టల షాపు ఎట్లా కళకళలాడతాయో ఊహించుకోవచ్చు. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి బోనస్ ఇచ్చారు. మనిషికి 5 వేలు. అదే గని, అదే బొగ్గు, అదే దుమ్ము. పర్మినెంట్ కొలువులు తగ్గి కాంట్రాక్టు కొలువులు పెరిగితే ఊరి బజారుకు వచ్చే డబ్బు ఏమవుతుందో చెప్పడానికి ఈ రెండు అంకెలు సరిపోతాయి.

అసలు చిక్కు ఇక్కడుంది. చాయ్ హోటల్ నుంచి బంగారం దుకాణం దాకా అందరూ తింటున్నది ఒకే కంచంలోంచి. దాని పేరు జీతం. కంచంలో అన్నం పెరగకుండా చుట్టూ కూర్చునేవాళ్లు పెరిగితే?

లెక్క కోసం అనుకుందాం. ఒక వీధిలో పది మొబైల్ షాపులున్నాయి. పదకొండో కుర్రాడికి బ్యాంకు లోన్ ఇచ్చి షాపు పెట్టించింది. కాగితం మీద ఒక ఉద్యోగం పుట్టింది. కానీ ఆ వీధికి కొత్త కస్టమర్ ఒక్కడూ రాలేదు. ఉన్న పదిమంది గిరాకీలోంచే కొంత ఇతని వైపు వచ్చింది. ఏడాది తిరిగేలోగా ఆ పదకొండు మందిలో ఒకరు షట్టర్ దించేస్తారు. రిపోర్టులో మాత్రం "ఒక ఉద్యోగం సృష్టించాం" అనే ఉంటుంది. దిగిపోయిన షట్టర్ ఏ రిపోర్టులోకీ ఎక్కదు.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. 1977 డిసెంబర్‌లో జనతా ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించింది. అప్పుడు పరిశ్రమల మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్. చిన్న పరిశ్రమే మనకు దిక్కు అన్నారు. చిన్న పరిశ్రమలకే వదిలేసే వస్తువుల జాబితాను 180 నుంచి ఒక్కసారిగా 504కు పెంచారు. 1978లో జిల్లాకో పరిశ్రమల కేంద్రం పెట్టారు. అవే డీఐసీలు, ఇప్పటికీ ఉన్నాయి. అదే ఏడాది, 1978 నవంబర్ 14న, అదే ప్రభుత్వ ప్రధాని మొరార్జీ దేశాయ్ రామగుండంలో ఎన్టీపీసీకి శంకుస్థాపన చేశారు.

ఒకే ప్రభుత్వం, ఒకే సంవత్సరం. ఒక చేత్తో జిల్లా కేంద్రంలో చిన్న పరిశ్రమల ఆఫీసు తెరిచింది, ఇంకో చేత్తో అదే జిల్లాలో దేశంలోనే పెద్ద కరెంటు కేంద్రాల్లో ఒకదానికి పునాది వేసింది. ఈ పెద్ద ఫ్యాక్టరీకి కావాల్సిన వాటిలో ఏవి ఇక్కడి చిన్న షెడ్లలో తయారుచేయించవచ్చు అన్న ప్రశ్న ఆ రెండు ఆఫీసుల మధ్య బలంగా నడిచి ఉంటే ఇవాళ ఈ ఎపిసోడ్ వేరేలా ఉండేది. డీఐసీ చేతికి దక్కిన ముఖ్యమైన పని లోన్ ఫారం మీద సిఫారసు రాయడం.

1990లు వచ్చాయి. సింగరేణి నష్టాల్లో కూరుకుపోయి రెండుసార్లు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. బీఐఎఫ్ఆర్ అంటే ఖాయిలా పడ్డ కంపెనీలను బతికించాలా మూసెయ్యాలా అని అప్పట్లో తేల్చిన సంస్థ. కొత్త రిక్రూట్‌మెంట్లు ఆగాయి. ఇక ఎఫ్‌సీఐ కథ ఇంకా ఘోరం. బొగ్గుతో యూరియా చేసే ఆ టెక్నాలజీ మొదటి నుంచీ మొండికేసింది, నష్టాలు పేరుకుపోయాయి, 1999 మార్చి 31న మూసేశారు. 2002లో ఉద్యోగులను స్వచ్ఛంద విరమణ పేరుతో ఇంటికి పంపారు. టౌన్‌షిప్ ఖాళీ అయితే దాని గేటు ముందు దుకాణం పెట్టుకున్నవాడి సంగతి ఏ సెటిల్‌మెంట్‌లోనూ రాయరు కదా. ఉద్యోగికి కనీసం ఒక ప్యాకేజీ ఉంది. టిఫిన్ సెంటర్‌కు ఏముంది?

సరిగ్గా ఈ కాలంలోనే, 1993 అక్టోబర్ 2న, ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన వచ్చింది. చదువుకున్న నిరుద్యోగులకు వ్యాపారమైతే లక్ష రూపాయల దాకా ప్రాజెక్టు, అందులో 15 శాతం సబ్సిడీ, అది కూడా 7,500 దాటకూడదు. మంచి ఉద్దేశమే. అయితే లక్ష రూపాయల్లో ఏం పెట్టగలరు? ఎస్టీడీ బూత్, జిరాక్స్ సెంటర్, టెంట్ హౌస్, కిరాణం. అన్నీ జీతాల కంచం దగ్గర కూర్చునేవే. తర్వాత 2008లో పీఎంఈజీపీ, 2015లో ముద్ర. పేరు మారింది, మొత్తం పెరిగింది, ప్రశ్న మాత్రం ఒక్కటే ఉండిపోయింది: పైసలిస్తాం సరే, నీ సరుకు ఎవరు కొంటారు?

ఇక్కడ కాస్త పక్కకు, కాకినాడకు వెళ్లొద్దాం. చిన్న వ్యాపారికి సాయం చేస్తే నిజంగా కొలువులు పుడతాయా అన్న ప్రశ్నను ప్రపంచంలోనే చాలా ముందుగా పరీక్షించి చూసిన ఊరు అది. 1964లో డేవిడ్ మెక్‌క్లెలండ్ అనే హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ కలిసి కాకినాడ వ్యాపారులు కొందరిని ఎంచుకున్నారు. ఆ సంస్థే ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న జాతీయ ఎంఎస్ఎంఈ సంస్థ. వాళ్లకు లోన్ ఇవ్వలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. పది రోజుల శిక్షణ. లక్ష్యం ఎట్లా పెట్టుకోవాలి, రిస్క్‌ను ఎట్లా లెక్కేయాలి, ఇంతే. తర్వాత రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూశారు. శిక్షణ తీసుకున్నవాళ్లు ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పనిచ్చారు. 1969లో దీనిమీద పుస్తకం వచ్చింది, ప్రపంచమంతా చదివింది.

కానీ అందులోనే ఇంకో మెలిక బయటపడింది. ఫలితం కనిపించింది ప్రధానంగా సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్లలో. ఇంట్లో పెద్దల మాట దాటలేనివాళ్లలో, వేరేవాళ్ల కింద పనిచేసేవాళ్లలో పెద్ద మార్పు లేదు. అంటే మనిషిలో ఉత్సాహం ఒక్కటే సరిపోదు, చుట్టూ చోటుండాలి. నా ఉద్దేశంలో ఇంకో తేడా కూడా ఉంది. కాకినాడ రేవు పట్నం. వెనక డెల్టా ఉంది, ముందు సముద్రం ఉంది, ఊరి బయట కొనేవాళ్లు ఉన్నారు. వ్యాపారి పెరగాలనుకుంటే పెరగడానికి జాగా ఉంది. గోదావరిఖనిలో లక్ష్మీనగర్ దుకాణదారుకు ఎంత ఉత్సాహం నూరిపోసినా అతని కస్టమర్ ఆ షిఫ్టు కార్మికుడే.

మరి ఊరి బయటి డబ్బు ఊళ్లోకి ఎట్లా వస్తుంది? జీతం ఒక దారి. ఇంకో దారి ఉంది. పర్చేజ్ ఆర్డర్.

హైదరాబాద్ బాలానగర్ చూడండి. చుట్టుపక్కల బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్, హెచ్ఎంటీ లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటికి కావాల్సిన భాగాలు తిప్పిచ్చే లేత్ షెడ్లు వందల్లో పుట్టాయి. 1968లో అక్కడే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. పనిముట్టు ఎట్లా డిజైన్ చేయాలో నేర్పే చోటు, ఆ పనిముట్టు కొనే ఫ్యాక్టరీ, చేసిచ్చే షెడ్డు. మూడూ పక్కపక్కనే. ఇంకా పెద్ద ఉదాహరణ జార్ఖండ్‌లోని ఆదిత్యపూర్. జంషెడ్‌పూర్‌లో టాటాల లారీల ఫ్యాక్టరీ, నది దాటితే ఆదిత్యపూర్. 1972లో పారిశ్రామిక ప్రాంత సంస్థ పెట్టారు. వెయ్యికి పైగా చిన్న, మధ్య తరహా యూనిట్లు వచ్చాయి. ఎక్కువభాగం ఆ లారీలకు భాగాలు చేసేవే. అయితే అంతా బంగారమేం కాదు. 2019లో లారీల అమ్మకాలు పడిపోతే ఆదిత్యపూర్‌లో షెడ్లు వరసగా మూతపడ్డాయి. ఒక్కడే కొనేవాడైతే వాడికి జలుబు చేస్తే నీకు జ్వరమే. అయినా ఒక్కటి ఆలోచించండి. అక్కడి కుర్రాడికి మిషన్ పని వచ్చు. ఇంకో కొనేవాడు దొరికితే అదే చేత్తో ఇంకోటి చేస్తాడు. మూతపడ్డ ఎస్టీడీ బూత్ యజమానికి చేతిలో ఏం మిగిలింది?

రామగుండంలో పర్చేజ్ ఆర్డర్ దందా అసలు లేదని కాదు. ఉంది. మోటార్ రివైండింగ్, హైడ్రాలిక్ హోస్‌లు బిగించడం, వెల్డింగ్, టిప్పర్ బాడీ, పంపుల రిపేరు. గని చుట్టూ ఈ షెడ్లు కనిపిస్తాయి. ఇన్‌స్టాలో వీటి గురించి రీల్స్ రావు గానీ, ఒక్కో షెడ్డులో నలుగురైదుగురు పనోళ్లు, ఇద్దరు నేర్చుకునే కుర్రాళ్లు ఉంటారు. వాళ్లు తెచ్చే డబ్బు కార్మికుడి జేబులోంచి కాకుండా కంపెనీ ఖాతాలోంచి వస్తుంది. అంటే కంచంలో కొత్త అన్నం అన్నమాట.

వీటిని పెరగనివ్వనిదేమిటి? ఒకటి, యంత్రం. తట్టా చెమ్మస్ రోజుల్లో గనికి కావాల్సింది కర్ర దిమ్మెలు, గడ్డపారలు, తట్టలు, మోకులు. చుట్టుపక్కల దొరికేవి, చుట్టుపక్కలవాళ్లు చేసేవి. ఆడ్రియాల లాంటి లాంగ్‌వాల్ గనిలో యంత్రాలు విదేశీ కంపెనీవి. అట్లాంటి యంత్రం వస్తే దాని విడిభాగాల ఆర్డర్లు కూడా ఎక్కువగా చేసిన కంపెనీకే తిరిగి పోతాయి. బొగ్గు నింపే కొలువు ఇక్కడ పోయింది, దాని బదులు పుట్టిన కొలువు వేరే దేశంలో పుట్టింది. ఇది యంత్రం తప్పు కాదు. భూమి లోపల వంగి పనిచేసిన మనిషి ఊపిరితిత్తులను అడిగితే యంత్రం ఎందుకు రావాలో చెప్తాయి. కానీ దాన్ని రిపేరు చేయడం ఇక్కడి పిల్లలకు నేర్పే ఏర్పాటు యంత్రంతో పాటే రావాలి కదా.

ఇంకోటి, రూల్. 2012లో కేంద్రం ఒక ఉత్తర్వు తెచ్చింది. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ కంపెనీలు కొనేవాటిలో 20 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే కొనాలి. 2018లో దాన్ని 25 శాతం చేశారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ వ్యాపారులకు, 3 శాతం మహిళలకు. ఎన్టీపీసీ దీని కిందికి వస్తుంది. గొప్ప రూలే. కానీ రెండు చోట్ల జారిపోతుంది. దేశంలో ఎక్కడి చిన్న పరిశ్రమ అయినా ఈ లెక్కలోకి వస్తుంది. వాల్వు కోయంబత్తూరు నుంచి కొన్నా, రాజ్‌కోట్ నుంచి కొన్నా 25 శాతం నిండినట్టే. రెండోది, నేను గుర్తుపెట్టుకోమన్న 51. సింగరేణిలో పెద్ద వాటా రాష్ట్రానిది. కేంద్ర కంపెనీల కోసం రాసిన ఉత్తర్వు దానికి దానంతటది అంటుకోదు. ఇక్కడి అతిపెద్ద కొనుగోలుదారుకు స్థానిక షెడ్ల విషయంలో గట్టి నియమం పెట్టాలంటే ఆ మాట హైదరాబాద్ నుంచి రావాలి.

మూడోది మీకు నేరుగా పనికొచ్చేది. బిల్లు. చిన్న షెడ్డు చచ్చేది ఆర్డర్ లేక కంటే, చేసిన పనికి డబ్బు సమయానికి రాక. మాటవరసకు, 2 లక్షల పని చేశాడనుకోండి. బిల్లు నాలుగు నెలలు ఆగింది. పనోళ్ల జీతం వారం వారం ఇవ్వాలి. అప్పుడు గుర్తొచ్చేది గిరిగిరి. చేతికి 9 వేలిచ్చి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తున్నాం కాబట్టి ఏడాదికి లెక్కేస్తే అది 70 శాతం పైనే. ఏ వెల్డింగ్ షెడ్డు లాభం ఆ వడ్డీని మోస్తుంది?

నిజానికి చట్టం మన వైపే ఉంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొన్నవాడు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బివ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. 2017లో సమాధాన్ అనే పోర్టల్ పెట్టారు, ఫోన్‌లోంచే ఫిర్యాదు చేయొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో మెలి కూడా పెట్టారు: చిన్న పరిశ్రమకు గడువులోగా కట్టని బిల్లును, నిజంగా కట్టేదాకా కొన్న కంపెనీ ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోలేదు. ఇవన్నీ దక్కాలంటే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 జూలై నుంచి అది ఆన్‌లైన్‌లో ఉచితం, డబ్బడిగే ఏజెంట్‌ను దగ్గరికి రానీయకండి. ఇక్కడ చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. సరుకు కొని అమ్మే షాపువాళ్లూ ఉద్యం తీసుకోవచ్చు, కానీ వాళ్లకు దక్కేది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యమే. 45 రోజుల హక్కు తయారుచేసేవాడికి, సర్వీసు చేసేవాడికి. మొబైల్ అమ్మే షాపుకు లేదు, మోటార్ రివైండింగ్ చేసే షెడ్డుకు ఉంది.

అయితే చట్టం ఉండడం వేరు, వాడుకోవడం వేరు. తనకు ఆర్డరిచ్చే ఒకే ఒక్క పెద్ద కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే మరుసటి ఆర్డర్ వస్తుందా అని భయం. ఆ భయం ఉత్తిది కాదు. అందుకే ఫిర్యాదు చేసే భారం అమ్మేవాడి నెత్తిన పెట్టకుండా, కొనే కంపెనీ ప్రతి నెలా ఎన్ని బిల్లులు 45 రోజులు దాటాయో తనే బయటపెట్టాలి. నన్నడిగితే కొత్త లోన్ పథకం కంటే ఈ ఒక్క కాగితం ఎక్కువ షెడ్లను బతికిస్తుంది.

జీతం, ఆర్డర్ కాకుండా మూడో దారి ఒకటి ఈ గడ్డ మీదే ఉంది. బూడిద. మన బొగ్గులో మూడో వంతు నుంచి 40 శాతం దాకా బూడిదే. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఎంత బూడిద కక్కుతుందో కుందనపల్లి చెరువు చుట్టుపక్కల ఊళ్లవాళ్లనడగండి, ఎండాకాలం గాలి లేస్తే చెప్తారు. ఈ బూడిదతో కాల్చకుండా ఇటుక చేసే పద్ధతిని కనిపెట్టింది మన విశాఖపట్నం దంపతులు, భానుమతీదాస్, కాళిదాస్. పేరు ఫాల్-జి. ఫ్లై యాష్, సున్నం, జిప్సం, ఈ మూడింటి మొదటి అక్షరాలు. బట్టీ అక్కర్లేదు, ఒక ప్రెస్సు, కొంత ఖాళీ స్థలం, నీళ్లు, పదిమంది మనుషులు చాలు. ఇప్పుడు చాలాచోట్ల సున్నం బదులు సిమెంట్ కలుపుతున్నారు.

టెక్నాలజీ ఉన్నంత మాత్రాన వ్యాపారం పుట్టలేదు. పుట్టించింది రూల్. 1999 సెప్టెంబర్‌లో, అంటే ఎఫ్‌సీఐ మూతపడ్డ ఆరు నెలలకు, కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకలు చేసేవాళ్లు బూడిద వాడాలి, కేంద్రం దాన్ని ఉచితంగా ఇవ్వాలి. 2009లో పొడి బూడిదలో కనీసం 20 శాతం ఇటుక యూనిట్లకు ఉచితంగా కేటాయించాలన్నారు. 2016లో ఆ పరిధిని 300 కిలోమీటర్లు చేశారు. ఫలితంగా రామగుండం చుట్టూ బూడిద ఇటుకల యూనిట్లు వచ్చాయి. ఇటుక కొనేవాడు పెద్దపల్లిలో ఇల్లు కట్టేవాడు కావచ్చు, కరీంనగర్‌లో అపార్ట్‌మెంట్ బిల్డర్ కావచ్చు. బొగ్గు జీతం ఎంతైనా ఈ యూనిట్‌కు ఫరక్ పడదు.

లోన్ పథకాలతో ఈ రూల్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. లోన్ పథకం మనిషికి పైసలిచ్చి మార్కెట్‌ను వెతుక్కోమంది. ఈ రూల్ ముందు ముడిసరుకును చేతికిచ్చింది, బూడిద వాడకానికి జాగా చేసింది, పైసలు దాని వెనక వచ్చాయి. ఈ పనిలో దుమ్ముంది, కూలీ తక్కువ, కూలీల ఆరోగ్యం గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ, అవన్నీ నిజమే. హైవే పనులకు బూడిద కావాలని టిప్పర్లు బారులు తీరితే ఇటుకల యూనిట్‌కు వంతు ఎప్పుడొస్తుందన్న గొడవ కూడా ఎప్పుడైనా లేవచ్చు. అయినా పక్కవాడి గిరాకీ లాక్కోకుండా పుట్టిన కొలువులు ఇవి.

పెద్ద ఫ్యాక్టరీలు మళ్లీ వస్తున్నాయి. ఎఫ్‌సీఐ స్థలంలో ఆర్ఎఫ్‌సీఎల్ వచ్చింది, 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా. ఈసారి బొగ్గుతో కాదు, పైపులో వచ్చే గ్యాస్‌తో. ఎన్టీపీసీ తెలంగాణ ప్రాజెక్టులో 800 మెగావాట్ల యూనిట్లు రెండు మొదలయ్యాయి. రామగుండం రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు 2022 నుంచి తేలుతున్నాయి. 1971 నాటి 62.5 మెగావాట్ల పాత కేంద్రం 2024లో ఆగిపోయింది. కొత్తవాటిలో దేన్ని తీసుకున్నా పాతరోజుల్లో లాగా వేలమందిని మస్టర్‌లోకి తీసుకునే రకం కాదు. తేలే సోలార్ పలకలకు ఫిల్లర్లు అక్కర్లేదు. కానీ వాటికి కేబుల్ జాయింట్లు కావాలి, ఇన్వర్టర్ రిపేరు కావాలి, పలకలు కడగాలి, పడవలు నడపాలి.

ఇక మేడిపల్లి. అక్కడి ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు అయిపోయింది, పెద్ద గొయ్యి మిగిలింది. ఆ గోతిని వాడుకుని పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం పెట్టాలని సింగరేణి ప్రతిపాదించింది. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి పంపు చేసి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం. గనుల్లోంచి నీళ్లు తోడడం ఇక్కడివాళ్లకు అరవై ఏళ్లుగా తెలిసిన పని. పంపులు విప్పడం, బిగించడం, వాల్వు మార్చడం, మోటార్ రివైండింగ్ చేయడం తెలిసిన షెడ్లు ఉన్నాయి. రేపు ఆ ప్రాజెక్టుకు మెయింటెనెన్స్ టెండర్ రాసేటప్పుడు మూడేళ్ల అనుభవం, ఇన్ని కోట్ల టర్నోవర్ అని ఒక్క ముక్కలో రాస్తే ఈ షెడ్లన్నీ గేటు బయటే ఉంటాయి. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి రాస్తే కొన్ని లోపలికి వస్తాయి. టెండర్ కాగితం ఇంకా రాయలేదు కాబట్టి, అది ఎట్లా ఉండాలో అడగడానికి ఇప్పుడే టైం.